సగటున ఇద్దరూ కరెక్టే

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆ అమ్మాయి నిండు మీటింగులో ఆ అబ్బాయి పరువు తీసింది. తీయాలని అనుకోలేదు పాపం, నోరు జారింది. కొందరికి నోరు జారడానికి సబ్బునీళ్ళు అక్కర్లేదు.

తెర మీద గుండ్రటి చార్టు ఉంది. పద్నాలుగు ముక్కలు, పద్నాలుగు రంగులు, కింద నీడ, పక్కన మందం. గొడుగుల కంపెనీలో ఏ రంగు గొడుగు ఎంత అమ్ముడుపోయిందో చెప్పడానికి ఆ అబ్బాయి కష్టపడి చేసిన కళాఖండం.

"ఇది చార్టా అండీ, పుట్టినరోజు కేకా? కొవ్వొత్తులు మర్చిపోయినట్టున్నారు," అంది ఆ అమ్మాయి.

అందరూ నవ్వారు. బాస్ నవ్వలేదు. అలాంటి కేకులంటే ఆయనకి ప్రాణం. రంగులు లేకపోతే ఆయనకి అంకెలు అర్థం కావు. ఉన్నా కావు, కానీ సంతోషంగా ఉంటారు.

తర్వాత ఆ అమ్మాయి వంతు వచ్చింది. తెల్లటి తెర మీద బూడిదరంగు చుక్కలు, మధ్యలో సన్నటి గీత.

"బాగుందండీ," అన్నాడు ఆ అబ్బాయి మహా వినయంగా. "గోడ మీద దోమల్ని ఇంత శ్రద్ధగా చంపినవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

అలా పరిచయమయ్యారు.

ఇద్దరూ చదివింది స్టాటిస్టిక్సే. ఇద్దరి పనీ ఒకటే. వచ్చే నెల ఎన్ని గొడుగులు అమ్ముడుపోతాయో ముందే చెప్పడం. తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. అతనిది డబ్బు పెట్టి కొన్న ప్యాకేజీ. మెనూ తెరిచి, టిక్కులు పెట్టి, ఓకే నొక్కితే లెక్క తయారు. ఆమెది ఊరికే దొరికే ప్యాకేజీ. అందులో ప్రతిదీ కోడ్ రాసి చెప్పాలి. ఒక్క కామా తప్పినా ఎర్రక్షరాలతో తిడుతుంది. ఇంతమాత్రానికే మనుషులు విరోధులవుతారా అని, దుప్పటి మడతపెట్టే పద్ధతి దగ్గర మాటలు మానేసిన తోడికోడళ్ళని చూసినవాళ్ళెవరూ అడగరు.

అతను ఆమెని "కామా గారూ" అనేవాడు. ఆమె అతన్ని "క్లిక్కు గారూ" అనేది. ఒకటే గది, ఎదురెదురు బల్లలు, మధ్యలో ముసలి ప్రింటరు.

"కామా గారూ, పొద్దున్నుంచీ టైపు చేస్తూనే ఉన్నారు. నవల రాస్తున్నారా?"

"గ్రాఫు గీస్తున్నానండీ."

"నేను మూడు క్లిక్కుల్లో గీసేశా."

"ఏ మూడో రేపటికి గుర్తుంటాయా? నా కోడ్ పదేళ్ళ తర్వాత నడిపినా ఇదే గ్రాఫు వస్తుంది."

"పదేళ్ళ తర్వాత ఈ గ్రాఫు ఎవరికి కావాలండీ?"

ఆమె ప్రింటరు వైపు కోపంగా చూసింది. అది భయపడి ఒక కాయితం మింగేసింది.

ఆమె సెలవు పెట్టిన రోజు మాత్రం అతనికి టీ రుచించలేదు. టీ మిషను పాడైందని కంప్లయింట్ ఇచ్చాడు. మెకానిక్ వచ్చి, అంతా తిప్పి చూసి, మిషను నిక్షేపంలా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. అంత చదువుకున్న అబ్బాయికి అప్పటికీ జబ్బు ఎవరికో తెలియలేదు.

ఒకరోజు బాస్ ఇద్దర్నీ పిలిచారు.

"హెడ్డాఫీసు వాళ్ళు ఖర్చు తగ్గించమన్నారు. ఒకే పనికి రెండు ప్యాకేజీలెందుకు, ఇద్దరు మనుషులెందుకు అని అడుగుతున్నారు. ఒకళ్ళే ఇక్కడుంటారు. రెండోవాళ్ళు గోదాం ఆఫీసుకి."

గోదాం ఆఫీసు చాలా దూరంలో, వేరే ఊళ్ళో ఉంది. అక్కడ పని పెట్టెలు లెక్కపెట్టడం. దానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు. చేతివేళ్ళు చాలు.

"ఉండేదెవరో ఎలా తేలుస్తారు సార్?" అన్నాడు అతను.

"పోటీ పెడతానయ్యా! వచ్చే నెల అమ్మకాలు ఎవరు దగ్గరగా చెబితే వాళ్ళుంటారు. సోమవారం చెరో అంకె ఇవ్వండి," అన్నారు బాస్, కొత్త ఆట కనిపెట్టినంత హుషారుగా.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ వెక్కిరించుకోకుండా భోజనం చేశారు. ఆఫీసులో ఇలాంటిది ఇదే మొదలు.

"మా నాన్నగారి ట్రాన్స్‌ఫర్లతో మా అమ్మ బతుకంతా అట్టపెట్టెలు సర్దడంతోనే సరిపోయిందండీ," అంది ఆమె. "ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. బాల్కనీ నిండా కుండీలు పెట్టుకుంది. ఇక ఇల్లు మారనని నాతో ఒట్టేయించుకుంది కూడా."

"మా బావ ఓడలో ఇంజనీరు. ఇప్పట్లో రాడు. అక్కకి డెలివరీ దగ్గర పడుతోంది. ఇంట్లో తనకి తోడు నేనొక్కణ్ణే," అన్నాడు అతను.

ఇద్దరూ డబ్బాలు సర్దుకుని లేచారు.

ఆదివారం అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు సాయం చేస్తున్నానన్న పేరుతో మడతలు విప్పుతున్నాడు.

"ఆవిడ గోదాంకి వెళ్తే వాళ్ళమ్మగారి కుండీలు ఏమవుతాయంటావక్కా?"

"కుండీల గురించా నీ బెంగ?"

"ఊఁ."

"నేను ఊరెళ్తూ మనీప్లాంటు అప్పజెబితే, దాన్ని ఎండబెట్టి చంపింది నువ్వే కదరా?"

అతను ఇంకో చొక్కా విప్పాడు.

"అది కాదక్కా... నేను వెళ్ళిపోతే నీకు కష్టమవుతుంది కదా."

"మా అత్తగారు వస్తానని ఎప్పట్నుంచో గొడవ. నీకిచ్చిన గది ఖాళీ లేదని ఆగారు. వెళ్ళు నాయనా, ఎక్కడికి వెళ్తావో వెళ్ళు. వెళ్ళే ముందు ఆ కుండీలావిడ ఫొటో ఉంటే చూపించు."

సోమవారం అతను మెనూ తెరిచాడు. అన్ని టిక్కులూ పెట్టి ఓకే నొక్కాడు. నలభై వేలు వచ్చింది. వంక పెట్టడానికి వీల్లేని లెక్క. తలెత్తి చూశాడు. ఎదురుగా ఆమె పెన్ను కొరుకుతూ స్క్రీన్ చూస్తోంది.

అతను మళ్ళీ మెనూలోకి వెళ్ళి 'వాన' అన్న పేరు పక్కన టిక్కు తీసేశాడు. గొడుగుల అమ్మకాల లెక్కలో వాన లేదన్నమాట. పెళ్ళిపిలుపులన్నీ అయ్యాక పెళ్ళికొడుకుని పిలవడం మర్చిపోయినట్టు. అంకె ఇరవై ఆరు వేలకి పడిపోయింది. అతను తృప్తిగా నిట్టూర్చాడు.

ఎదుటి బల్ల మీద ఆమెకి వచ్చిందీ నలభై వేలే. ఆమె ఓడలో ఉన్న అతని బావని తలుచుకుంది, అక్కని తలుచుకుంది, అబద్ధమెందుకు, మధ్యలో ఉన్న తమ్ముణ్ణి ఇంకాస్త ఎక్కువసేపు తలుచుకుంది. కోడ్‌లో ఒక కొత్త లైను రాసింది. వాన తక్కువ పడిన నెలలన్నిటినీ లెక్కలోంచి తీసెయ్యమని. కామా తప్పితే విరుచుకుపడే ఆ ప్యాకేజీ ఇంత ఘోరానికి కిమ్మనలేదు. యాభై నాలుగు వేలు అని చూపించింది.

బాస్ రెండంకెలూ బోర్డు మీద రాశారు. అవతలివాళ్ళు ఎటూ సరిగ్గానే చెప్తారులే అన్న ధీమాతో తప్పు చేసిన ఇద్దరు మేధావులూ బోర్డు చూసి తెల్లబోయారు.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి ఇద్దరి పాట్లు. ఆమె గెలవాలంటే వానలు దంచి కొట్టాలి. అతను గెలవాలంటే ఎండ కాయాలి.

"వాన పడాలండీ, కుమ్మెయ్యాలి," అనేవాడు అతను కిటికీ దగ్గర నిలబడి.

"మీరు చెప్పింది తక్కువ కదా? వాన పడితే ఓడిపోతారు."

"అంటే... మొక్కలకి మంచిదని."

ఇంకోరోజు ఆమె మబ్బుని చూసి మొహం చిట్లించింది. "ఛ, మళ్ళీ పట్టింది. కాస్త ఎండొస్తే బాగుండు."

"మీరు చెప్పింది ఎక్కువ కదండీ? ఎండొస్తే మీకేం లాభం?"

"అంటే... బట్టలు ఆరవని."

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. మామూలు మనుషులకైతే అక్కడే విషయం అర్థమయ్యేది. వీళ్ళకి ఇంకో వాన కావాల్సి వచ్చింది.

ఆ వాన ఓ సాయంత్రం సరిగ్గా ఆఫీసు వదిలే వేళకి పడింది. గొడుగుల కంపెనీ గుమ్మంలో ఇద్దరూ గొడుగు లేకుండా నిలబడ్డారు. తమ కంపెనీ గొడుగు ఏ గాలికి తిరగబడుతుందో లెక్కలతో సహా తెలిసినవాళ్ళు మరి. జల్లు చెంపమీద పడితే ఆమె తుడుచుకోలేదు. అతను వాన చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూశాడు.

"క్లిక్కు గారూ, నిజం చెప్పండి. ఏ టిక్కు తీశారు?" అంది ఆమె ఉన్నట్టుండి.

"...వాన."

"గొడుగుల కంపెనీలో కూర్చుని వాన టిక్కు తీశారా!"

"మరి మీరో?"

ఆమె చెప్పుల వైపు చూసుకుంది. "వాన తక్కువ పడిన నెలలు పీకేశాను."

"భేష్. పదేళ్ళ తర్వాత నడిపినా అదే తప్పు వస్తుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక కదలబుద్ధి కాలేదు.

"మా అమ్మ కుండీల కోసమా?" అంది ఆమె మెల్లగా.

"కుండీలతోనే మొదలైంది. తర్వాత చూస్తే, మీరు లేని గదిలో ఒక్కరోజు టీ తాగలేకపోయాను. నెలలో ఇంకెన్ని రోజులుంటాయో లెక్కేసుకుంటే భయమేసింది. ఇష్టం అనే మాటకి మీ కోడ్‌లో ఏం రాస్తారో నాకు తెలీదండీ. నా మెనూలో అయితే వెతికినా లేదు."

"క్లిక్కు గారూ, ఒక్కటైనా నోటితో చెప్పడం నేర్చుకోండి."

"మీరంటే ఇష్టం," అన్నాడు అతను.

"ఎర్రక్షరాలేం రాలేదు," అంది ఆమె.

ఇష్టపడటం అయిపోయింది కానీ, ఒకళ్ళు గోదాంకి పోయే గండం తప్పలేదింకా. నెలాఖరుకి అసలు అంకె వచ్చింది. నలభై వేలు! ఒకరు పద్నాలుగు వేలు తక్కువ చెప్పారు, ఒకరు పద్నాలుగు వేలు ఎక్కువ చెప్పారు.

బాస్ బోర్డు ముందు నిలబడి రెండూ కూడారు. సగం చేశారు. మళ్ళీ చేశారు.

"సగటు తీస్తే కరెక్ట్! ఇద్దరూ ఉంటేనే కరెక్ట్! కనిపెట్టింది ఎవరు? నేను!"

ఆ సంగతి హెడ్డాఫీసుకి రెండు ముక్కల కేకు చార్టుతో వెళ్ళింది. ఇద్దర్నీ ప్రస్తుతానికి ఉంచమని జవాబొచ్చింది.

ఆ ఆదివారం ఆమె విషయం ఇంట్లో చెప్పింది. వాళ్ళమ్మ కుండీలో మట్టి గుల్ల చేస్తూ ఒకటే ప్రశ్న వేసింది. "ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగమా?"

"కాదమ్మా. అది ఆపడానికే ఇంత జరిగింది."

"అయితే నాకు నచ్చాడు. ఒకసారి తీసుకురా."

"నీళ్ళు పోసే పని మాత్రం చెప్పకు," అంది కూతురు.

తర్వాతి నెల ఇద్దరూ బుద్ధిగా, నిజాయితీగా లెక్క వేశారు. అతను ముప్పై ఎనిమిది వేలన్నాడు. ఆమె కూడా ముప్పై ఎనిమిది వేలే అంది. బాస్ మొహం వాడిపోయింది.

"రెండూ ఒకటే అయితే సగటెందుకమ్మా? రెండు ప్యాకేజీలెందుకు? ఇద్దరెందుకు? హెడ్డాఫీసుకి నేనేం చెప్పాలి?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇక దాచి లాభం లేదని అతను మొత్తం చెప్పేశాడు. వాన టిక్కు సంగతి, పీకేసిన నెలల సంగతి, పెళ్ళి చేసుకోబోతున్న సంగతి.

బాస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, నువ్వు ఆ అమ్మాయి కోసం ఓడిపోవాలని చూశావు. ఆ అమ్మాయి నీ కోసం. అవునా?"

"అవును సార్."

"ఇప్పుడేమో ఇద్దరిదీ ఒకే అంకె."

"అవును సార్. పంపించాలంటే నన్ను పంపండి," అన్నాడు అతను.

"కాదు సార్, నన్ను," అంది ఆమె.

"పెళ్ళెప్పుడు?"

"వచ్చే నెల్లో సార్."

బాస్ మొహం మెల్లగా వెలిగింది. ఆయనకి పెళ్ళయి చాలా ఏళ్ళయింది. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని, హెడ్డాఫీసుకి రాస్తున్నది పైకి చదువుతూ రాశారు. "రెండు ప్యాకేజీలూ, ఇద్దరు మనుషులూ తప్పనిసరి. ఈ నెల అంకెలు కలవడం తాత్కాలికం. వచ్చే నెల నుంచి ఎప్పటికీ కలవవని నా పూచీ."

ఆ సాయంత్రమే ఇద్దరూ పెళ్ళికి ఎంతమంది వస్తారో అంచనా వేయడానికి కూర్చున్నారు. అతనికి రెండొందలు వచ్చింది. ఆమెకి నాలుగొందల యాభై వచ్చింది.

"మీ పిన్నమ్మలందర్నీ రెండేసిసార్లు లెక్కేశావు," అన్నాడు అతను.

"నువ్వు మా చుట్టాల టిక్కే తీసేశావు," అంది ఆమె.

ఏ ప్యాకేజీ లేకుండా బాస్ జీవితంలో వేసిన ఒకే ఒక అంచనా, నెల తిరక్కముందే, తూచినట్టు నిజమైంది.