ఒకే నంబరులో ఇద్దరు

ఆ ఇంట్లో మెట్ల కింద గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎవరో గొంతు నొక్కినట్టు నెట్ ఆగిపోతుందని పనిమనిషి నుంచి పక్కింటావిడ దాకా అనేవాళ్లే. డ్రాయింగు మాస్టారు పోయింది ఆ గదిలోనే మరి.

మాస్టారి కోడలు ఇలాంటివి నమ్మే రకం కాదు. కానీ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. రెండు ఇంటర్వ్యూలు ఆ గదిలోనే మాట మధ్యలో తెగిపోయాయి. ఫోన్ సిగ్నలేమో ఆ ఇంట్లోకి తొంగి కూడా చూడదు. మూడోది ఇవాళ ఏడున్నరకి, అదీ కంప్యూటర్ మీదే ఇవ్వాలట. ఇదీ పోతే నాలుగోది లేదు.

ఏడూ పదికి తెర మీద ఒక మాట వచ్చింది — 'మీ నంబరును ఇంకొకరు వాడుతున్నారు.' అంతే, నెట్ పోయింది.

ఇంట్లో నెట్ వాడే ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది. ఒకే నంబరును రెండు పట్టుకుంటే దేనికీ దారి దొరకదు. కానీ ఇంకొకరెవరు? ఇంట్లో ఉండేది అత్తా తనూ. మొగుడు లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు.

టీవీ ఆపింది. రౌటర్ ఆపి మళ్లీ వేసింది. అదే మాట... చివరికి తన కంప్యూటర్నే ఆపేసి, ఫోన్లో వైఫై మీద ఆ నంబరును పిలిచి చూసింది. తను లేదు కదా — ఎవరూ పలకకూడదు.

పలికింది... నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ.

ఆ నంబరు ఎవరిదో వెతికితే పక్కన పేరు కనిపించింది. 'మాస్టారు.'

ఆయన పోయి పదకొండు నెలలు.

"మామయ్యగారూ... నేనేం పాపం చేశానండీ," అని ఏడ్చేసింది.

అప్పుడు వినిపించింది — అత్తగారి గదిలోంచి గుసగుస. "ఇవాళ పిల్లకి ఇంటర్వ్యూ అండీ... కాస్త దీవించండి."

తలుపు నెట్టింది. బీరువాలో, చీరల మధ్య వెలుగు... అందులో మాస్టారు నవ్వుతున్నారు.

నెట్ మీద నడుస్తూ ఫొటోలు తిప్పి చూపించే ఫ్రేము. ఎప్పటికీ మారకుండా దానికో నంబరు బిగించి, తన పేరు కొట్టుకున్నది ఆయనే. దాన్ని చూసి తల్లి రోజూ ఏడుస్తోందని కొడుకు పారేయమన్నాడు. పారేశానంది ఆవిడ. చీకటి పడగానే దొంగచాటుగా వెలిగించుకుంటోంది. పగలంతా ఖాళీగా కనిపించిన ఆ నంబరునే రౌటర్ కోడలికి అంటగట్టింది.

సంగతి వినగానే అత్తగారి ముఖం పాలిపోయింది. "నీ నోటి దగ్గర కూడు తీసింది నేనా తల్లీ," అంటూ ప్లగ్గు పట్టుకుంది.

"వద్దత్తయ్యా. ఆ నంబరు మామయ్యగారిది. నేనే పక్కకి జరుగుతాను."

ఏడూ ఇరవై తొమ్మిదికి తన నంబరులో చివరి అంకె మార్చింది. తెర మీద ముఖాలు వచ్చాయి.

"ఇంటి నుంచే పని కదా," అన్నారు అవతలి నుంచి. "మీ ఇంట్లో నెట్ ఎంతమంది వాడతారు?"

కోడలు కళ్లు తుడుచుకుంది.

"ముగ్గురమండీ," అంది.