కదలని బొమ్మ

"మేధూ, తల్లీ... ఇలా రావే. కాజా పెడతాను."

హాల్లోంచి తన గొంతే బతిమాలుతూ వినిపిస్తుంటే, పక్క గదిలో హిమజ క్రేను కొక్కేనికి కంటెయినర్ తగిలిస్తోంది. క్రేను ఆరు కిలోమీటర్ల అవతల, కాకినాడ రేవులో ఉంది. దాన్ని నడిపే చేతితొడుగులు మాత్రం హిమజ చేతులకున్నాయి. హాల్లో పిలుస్తున్నది ఆటగోడ.

మూడున్నరేళ్ళ మేధిని సోఫా వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది, కదల్లేదు. గోడ ఈసారి కసిరింది. అయినా కదల్లేదు. గోడ పూజగంట మోగించింది, సైకిల్ బెల్ మోగించింది. అవి దొంగగంటలని మేధినికి తెలుసు. చివరికి టింగుమని అసలు గంట మోగింది.

"భలే! మా బంగారం గెలిచింది!" అంది గోడ, హిమజ గొంతుతోనే.

మేధిని కేరింతలు కొడుతూ వెళ్ళి గోడను వాటేసుకుంది.

ఆ ఊళ్ళో చిన్నపిల్లలున్న ఇళ్ళన్నిటిలో అదే తంతు. గవ్వలు లెక్కపెట్టించడం, రంగులు కలిపించడం, ఆకుల్ని ఆకారం చూసి వేరు చేయించడం, అన్నీ గోడే చూసుకుంటుంది. తల్లి నలభై నిమిషాలు చదివి తన గొంతుముద్ర ఇస్తే చాలు. ఆ ఆటలన్నిటిలోకీ బడులవాళ్ళకు ముద్దొచ్చేది 'కదలని బొమ్మ'. గంట మోగేదాకా అమ్మ ఎలా పిలిచినా దాక్కున్న చోటు నుంచి బయటికి రాకూడదు. పిల్లలకు మనసు అదుపు నేర్పే ఆట అని పేరు. మొత్తం తొమ్మిది మెట్లు. తొమ్మిదోది దాటినట్టు అంకుర పత్రం లేకపోతే మంచి బడి గేటు తెరుచుకోదు. గడువు సోమవారం. మేధిని ఇప్పుడే ఎనిమిదో మెట్టు దాటింది.

ఎదురింటి అచ్చాయమ్మ ఉప్మా గిన్నెతో లోపలికొచ్చింది.

"ఏవే అమ్మాయ్, నీ గొంతు అలా గోడలోంచి దేబిరిస్తుంటే నీకేం అనిపించదా?"

"అలవాటైపోయింది పిన్నిగారూ."

"మా రోజుల్లో అమ్మ పిలిస్తే పిల్ల పరిగెత్తుకొచ్చేది. దానికి మార్కులేవీ ఉండేవి కావు."

"అందుకే మీ రోజుల్లో ఎవరికీ సీట్లు రాలేదు."

"మేం సీటు బస్సులోనే అడిగేవాళ్ళమే!" అని అచ్చాయమ్మ నవ్వుతూ గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

హిమజ కూడా నవ్వింది. నవ్వుతూనే గోడ దగ్గరికెళ్ళి తొమ్మిదో మెట్టు నొక్కింది.

ఆ మెట్టుకు కావలసిన గొంతు పోయిన గురువారమే ఇచ్చింది. "నిజం ఏడుపు కావాలండీ. నటిస్తే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు" అన్నాడు ఆటగోడ కంపెనీ మనిషి. హిమజ చనిపోయిన తన తల్లిని తలుచుకుని పావుగంట ఏడ్చింది. 'మేధూ, అమ్మకు ఊపిరాడట్లేదే, వచ్చెయ్యవే' అని అతను రాసిచ్చిన మాటలన్నీ ఆ ఏడుపులోనే చెప్పింది. అతను బొటనవేలు పైకెత్తి చాలా బాగుందన్నాడు.

"వెళ్ళి దాక్కో. ఈసారి గెలిస్తే పెద్ద బడి" అంది హిమజ.

మేధిని తుర్రుమంది. హిమజ తన గదిలోకెళ్ళి తొడుగులు వేసుకుంది.

మూడు నిమిషాలైనా కాలేదు, ఊరంతా సైరన్ మోగింది. వెంటనే కరెంటు పోయింది. ఫోన్‌లో ఒకటే కబురు: రొయ్యల శీతల గిడ్డంగిలో అమ్మోనియా లీకయింది. నిప్పు రవ్వ పుట్టకుండా కరెంటు తీసేశాం. పది నిమిషాల్లో ఇళ్ళు ఖాళీ చేయండి.

హిమజ హాల్లోకి పరిగెత్తింది. గోడ నల్లగా ఉంది. మేధిని లేదు.

"మేధూ! ఆట అయిపోయింది, రావే!"

ఆ మాట గోడ ఆరో మెట్టులోనే అనేసింది.

"వస్తావా, వీపు చీరెయ్యనా?"

అది ఏడో మెట్టు.

కిటికీ సందుల్లోంచి ఘాటు లోపలికొచ్చింది. కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. "మేధూ, అమ్మకు ఊపిరాడట్లేదే, వచ్చెయ్య..." అంటూనే ఆగిపోయింది. అది తొమ్మిదో మెట్టు. తన దగ్గర ఇక మాట మిగల్లేదు. పిల్లను పిలవడానికి ఉన్న మాటలన్నీ గోడకిచ్చేసింది.

అచ్చాయమ్మ ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "పిల్లేదే?"

"దాక్కుంది. గంట మోగితే గానీ రాదు. గోడ చచ్చిపోయింది పిన్నిగారూ!"

అచ్చాయమ్మ దేవుడి గూట్లో గంట లాక్కుని గణగణా వాయించింది. ఇంట్లో ఎక్కడా చీమ చిటుక్కుమనలేదు.

"అది దొంగగంట అనుకుంటుంది. వద్దు, వెతకండి!"

ఇద్దరూ మాట్లాడకుండా వెతికారు. బీరువా, అటక, బియ్యం డ్రమ్ము, బట్టల బుట్ట. సైరన్ ఆగి మళ్ళీ మొదలైంది. కింద వీధిలో జనాన్ని ఊరు దాటించే ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. హిమజ మోకాళ్ళ మీద పాకుతూ దివాన్ పెట్టె మూత ఎత్తింది.

దుప్పట్ల మధ్య మేధిని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది, రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు బయటికి వినపడకుండా గౌను అంచు నోట్లో కుక్కుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. హిమజ ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయింది గానీ కళ్ళు తెరవలేదు.

మూడు గంటల తర్వాత రాజమండ్రిలో, ఆసుపత్రి పిల్లల వార్డులో డాక్టరు మాస్కు కిందికి లాగాడు.

"ప్రాణానికి భయం లేదమ్మా. ఊపిరితిత్తులు తట్టుకున్నాయి. స్పృహ కూడా వచ్చింది. కానీ కళ్ళు తెరవట్లేదు, మాట్లాడట్లేదు. మీరు పిలవండి. ఈ వయసు పిల్లలకు తల్లి గొంతును మించిన మందు లేదు."

"మేధూ" అంది హిమజ.

మేధిని రెప్పలు మరింత బిగుసుకున్నాయి.

"విన్నదండీ!" అంది నర్సు సంతోషంగా. "ఇంకోసారి పిలవండి."

హిమజ పిలవకుండా తలెత్తి చూసింది. ఎదురుగా ఆటగోడ కనిపించింది. పిల్లల వార్డు గదా, అక్కడా ఉంది.

"ఈ గోడకు మా పాప ఆట కలుస్తుందా?" అని అడిగింది.

"పేరు చెప్తే చాలండీ."

హిమజ చెప్పింది. గోడ వెలిగింది. ఆగిన ఆట అందుకుంది, గడిచిన సమయం లెక్క చూసుకుంది. టింగుమని గంట మోగింది.

మేధిని టక్కున కళ్ళు తెరిచింది.

"భలే! మా బంగారం గెలిచింది!" అంది గోడ. "తొమ్మిదో మెట్టు దాటావు. మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు! ఇంతసేపు ఏ పాపా ఉండలేదు."

ఎర్రబడ్డ కళ్ళతో మేధిని గోడ వంక చూసి నవ్వింది. "అమ్మా, నేను దగ్గలేదు" అంది, గోడతో.

హిమజ మంచం అంచు పట్టుకుని ముందుకు వంగింది. గ్యాసుకు బొంగురుపోయిన గొంతుతో, మెల్లగా, "మేధూ, అమ్మనే. ఇక్కడున్నాను" అంది.

మేధిని గబుక్కున కళ్ళు మూసుకుంది. చేత్తో తడుముకుని, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది.