పొత్రం తీసిన ఉయ్యాల

ఆ మధ్యాహ్నం శృంగవరపుకోట దగ్గర జమీందారుల మేడ చూడ్డానికి వెళ్ళాం. నేను, మా అమ్మాయి భారతి, దాని మూడు నెలల పాప. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, మొక్కని దేవుడు లేకుండా మొక్కాక పుట్టిన బిడ్డ. ఇంట్లోనే ఉండి భారతికి పిచ్చెక్కుతోందంటే, పోనీ కాస్త గాలి తగులుతుందని నేనే బయల్దేరదీశాను. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో చేసినదాన్ని. పిల్లల సంగతి నాకెవరు చెప్పాలి!

మేడ నిండా పాతకాలం వస్తువులే. కింద గదుల్లో తవ్వకాల్లో దొరికిన కుండలు, ముక్కు విరిగిన రాతి విగ్రహాలు. పైన రాజుల పటాలు, ఏనుగు దంతం పెట్టెలు. వాచ్‌మన్ గంగరాజు టిక్కెట్లు చింపిచ్చి, "సూసి రండమ్మా, నాను బువ్వ తినొస్తాను" అని వెళ్ళిపోయాడు. లోపల మేం తప్ప ఎవరూ లేరు.

పై అంతస్తులో చివరి గదికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు ఆగింది. కిటికీలకి దళసరి తెరలు. గబ్బిలాల కంపు, కలరా ఉండల ఘాటు... ఆ మసక చీకట్లో పాప గుక్కపెట్టి ఏడుపు మొదలెట్టింది. పాలిచ్చినా ఆపలేదు, భుజాన వేసినా ఆపలేదు.

గది మధ్యలో ఉయ్యాల ఉంది. నల్ల చెక్క, ఇత్తడి గొలుసులు. లోపల ఎర్ర గుడ్డ చుట్టి పడుకోబెట్టిన రాతి పొత్రం.

నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళలోనూ అంతే. బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసే ముందు పచ్చడి నూరే పొత్రాన్ని పడుకోబెట్టి ఊపుతాం. తర్వాత దాన్ని తీసి బిడ్డని వేస్తాం.

"రాజులకీ మన ఆచారమేనే" అన్నాను.

"అమ్మా, ముట్టుకోకే. చుట్టూ తాడు కట్టినారు సూడు."

"నువ్వూరుకో. గుంట ఏడిసేడిసి సచ్చిపోయేలాగున్నాది."

తాడు దాటాను. పొత్రాన్ని తీసి నేలమీద పెట్టి, పాపని పడుకోబెట్టాను.

ఏడుపు ఆగిపోయింది. ఒక్కసారిగా... మధ్యలోనే.

"సూసావా?" అని గొప్పగా భారతి వైపు తిరిగాను. అది నా వెనక్కి చూస్తోంది.

"అమ్మా... నువ్వు ఊపుతన్నావా?"

నా చేతులు రెండూ నడుం మీదున్నాయి.

ఉయ్యాల ఊగుతోంది. గొలుసు ప్రతిసారీ ఒకేచోట కిర్రుమంటోంది. కలరా ఉండల వాసన పోయింది. ఎక్కడినుంచో సాంబ్రాణి పొగ... పచ్చి బాలింత దగ్గర వచ్చే వాసన.

"తియ్యే! పాపని తియ్యే!" భారతి అరిచింది.

గొలుసు పట్టుకున్నాను. ఆగలేదు. నా చేతినే లాక్కుపోయింది. రెండో చెయ్యి లోపలికి పెట్టాను... చల్లటి వేళ్ళు తగిలాయి. నా చేతిని పట్టుకోలేదు. నెట్టేశాయి.

భారతి నన్ను తోసి, ఒంగి, బిడ్డని లాగేసుకుంది. నేను పొత్రాన్ని ఎత్తి ఉయ్యాల్లో పడేశాను. ఊగడం ఆగింది.

మెట్ల దగ్గర గంగరాజు ఎదురయ్యాడు. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు.

"పొత్రం తీసీసినారేటి?" అన్నాడు గొంతు తగ్గించి. "బిడ్డ పోయినాక ఈ మేడ ఎనకటి రాణమ్మ దాన్నే బిడ్డనుకోని ఊరుకుంటన్నాదమ్మా... మీ పాప మీకాడే ఉంది గదా?"

"ఉంది."

"అయితే బేగి ఎల్లిపోండి."

దారంతా పాప కిక్కురుమనలేదు. నిద్రపోయింది. నా పాడు పెద్దరికం తగలెయ్య, ఎంత పని చేశాను! పోనీలే, బిడ్డ దక్కింది అని బస్సులోనే దండం పెట్టుకున్నాను.

సాయంత్రం నీళ్ళు పోద్దామని కాళ్ళమీద పడుకోబెట్టుకున్నాను. తలకి నూనె రాసి చెవుల దగ్గరకొచ్చి ఆగిపోయాను. మా పాపకి ఇంకా చెవులు కుట్టించలేదు.

రెండు తమ్మెలకీ రంధ్రాలున్నాయి. రక్తం లేదు, పుండు లేదు. ఎప్పుడో కుట్టి మానిపోయినవి.

"అమ్మా, నీళ్ళోసీసావా? తెచ్చీయే, పాలిస్తాను" అని గదిలోంచి భారతి పిలిచింది.

పాప నన్నే చూస్తోంది. టోపీ తొడిగి, చెవులు కప్పి, తీసుకెళ్ళి భారతి ఒళ్ళో పెట్టాను.