కొంగల తాళం

"మా అక్కని ఎత్తుకుపోతే నాకు ఇప్పుడా చెప్పడం?"

ఉడుము బల్ల మీద గుద్దిన గుద్దుకి చీఫ్ కాఫీ ఒలికిపోయింది. పట్టుకుంటే వదలడు కనుక ఏజెన్సీలో అతనికి ఆ పేరు. కోపమొస్తే మనిషి కాడని కూడా అంటారు గానీ, అతనికి వినపడేలా ఎవరూ అనరు.

"కూర్చోవయ్యా. మీ అక్క పాత వీడియో గేములు బాగుచేస్తుందిగా? విదేశీ ముఠా ఒకటి బెదిరించి స్ట్రాంగ్‌రూమ్‌కి తాళం చేయించుకుంది. టీవీలో ఎగిరే కొంగలన్నిటినీ ప్లాస్టిక్ గన్‌తో కాలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పనయ్యాక ఆవిణ్ణే లోపల కట్టేసి, పక్కన టైంబాంబు పెట్టారు."

"దుర్మార్గులు!"

చీఫ్ టాబ్లెట్ అందించాడు. "ఇందులో ఎమ్యులేటర్ ఉంది. పాత మెషీన్ లేకుండానే పాత ఆటలు ఆడిస్తుంది. అదే గేము. దారిలో ప్రాక్టీస్ చెయ్."

కొంగ మీద వేలు పెడితే చాలు, టపీమని రాలేది. వ్యాను దిగేదాకా ఉడుము గురి ఒక్కసారీ తప్పలేదు.

ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఉంటున్న ఇంటి తలుపు తట్టాడు. తెరిచింది నెమలి. ముఠాలో ఏజెన్సీ మనిషి. ఏజెన్సీలో ముఠా మనిషి కూడా అని అప్పటికింకా ఎవరికీ తెలియదు.

"చల్లగా లేదా?" కోడ్ వర్డ్ చెప్పాడు.

"ఉక్కపోస్తోంది," అందామె, హైహీల్స్ టకటకలాడిస్తూ దారి చూపించింది.

గదిలో ఓ పక్క స్ట్రాంగ్‌రూమ్ తలుపు, ఎదురుగా గోడంత ఎల్ఈడీ టీవీ. కింద పాత గేమ్ మెషీన్, దానికి ప్లాస్టిక్ గన్. ఉడుము కాల్చాడు. కొంగ ఎగిరిపోయింది. మళ్లీ కాల్చాడు. గన్ తెరకి ఆనించి కాల్చాడు. ఒక్క ఈక కూడా రాలలేదు. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

వీపుకి అసలు పిస్టల్ తగిలింది. "కాల్చు, కాల్చు," నవ్వింది నెమలి. "తలుపు తెరుచుకోదు. ఇక నువ్వూ ఇక్కణ్ణించి కదలవు."

అప్పుడే కిటికీలోంచి ముఠా బాస్ కారు వెళ్లిపోవడం కనిపించింది. బయట గేటుకి తాళం పడింది. నెమలి నవ్వు ఆగిపోయింది.

"నన్ను కూడానా! దొంగ వెధవ!"

ఉడుము ఆమె చేతిలోంచి పిస్టల్ లాక్కున్నాడు. స్ట్రాంగ్‌రూమ్ తలుపు మీద దబదబా బాదాడు. "అక్కా! ఎన్నిసార్లు కాల్చినా తగలట్లేదే!"

"ఏ టీవీరా అది?" లోపలి నుంచి అక్క గొంతు.

"గోడంత ఉంది, సన్నగా."

"నేను పెట్టింది డబ్బా టీవీ! ఏ వెధవ మార్చాడు?"

"బాస్," అంది నెమలి. "గదికి అందంగా లేదన్నాడు."

"అందం తగలెయ్యా! ఒరేయ్, ఆ గన్ దేన్నీ పేల్చదు, తెర వెలుగుని చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పాత టీవీలో వెలుగు ఠక్కున వస్తుంది. కొత్త దాంట్లో ఆలస్యంగా వస్తుంది. ఇంకేం చూస్తుంది?"

"మరి టాబ్లెట్‌లో తగిలిందే!"

"అక్కడ వేలు పెట్టావు గాడిదా!"

ఉడుము నెమలి వైపు తిరిగాడు. "ఆ డబ్బా ఎక్కడ?"

"మెట్ల కింద పడేశారు."

"పద. మొయ్యి!"

ఆమె హైహీల్స్ విసిరికొట్టి, కనిపించని బాస్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా ఒక పక్క మోసింది. చచ్చేంత బరువు. వైరు తగిలించగానే తెర చిటపటలాడి వెలిగింది. టపీ. టపీ. టపీ. ఆఖరి కొంగ రాలింది. తలుపు తెరుచుకుంది.

అక్క కుర్చీకి కట్టేసి ఉంది. బాంబు మీద అంకెలు తరిగిపోతున్నాయి.

"ఎర్రది కాదు! పచ్చ వైరు!" అరిచింది అక్క.

కత్తిరించాడు. ఒకటి దగ్గర ఆగింది.

అక్క కట్లు విప్పుతుంటే ఉడుము కళ్లు తడిశాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. "నీకేమైనా అయ్యుంటే? ఇంకోసారి ఎవడికైనా తాళం చేశావో, నేనే లోపలేసి తాళం పెడతా!"

అక్క అతని తల నిమిరింది. చేతిలోంచి గన్ లాక్కుంది. "జరుగు, అడ్డం రాకు," అంటూ డబ్బా టీవీ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది.

ఫోన్‌లో చీఫ్ అరుస్తున్నాడు. "మిషన్ ఎందాకా వచ్చింది?"

"రెండో లెవెల్, సార్," అన్నాడు ఉడుము పళ్లు కొరుకుతూ.