అద్దెకివ్వని నాలుగో గది

వాన పడితే ఆ వీధిలో రెండు తలుపులు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి పళ్ళ డాక్టరుది, రెండోది పన్నుల లెక్కలు రాసిపెట్టే ఆఫీసుది. రెండు చోట్లకీ మనిషి భయపడుతూనే వస్తాడు. రెండు చోట్లా "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అనే అడుగుతారు. బయటికి వెళ్ళేటప్పుడు రెండు చోట్లా ఏదో ఒకటి తగ్గే వెళ్తాడు.

అందుకే బూట్లు కిర్రు కిర్రుమనిపిస్తూ తడిసి ముద్దయిన ఒకాయన లోపలికి రాగానే, పన్నుల ఆఫీసులో కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అంది.

"పక్క తలుపండీ."

"పన్ను కోసమే వచ్చానండీ."

"నొప్పిగా ఉందా?"

"కట్టాక ఉంటుందేమో!"

ఆమె తలెత్తింది. ముప్ఫైకి కాస్త అటూ ఇటూగా ఉంటాడు. చేతిలో ఫైలు, ఫైలు మీద గొడుగు. మనిషి తడిసినా కాయితం తడవకూడదనుకున్నాడు. మంచి క్లయింటు లక్షణమే అనుకుంది. రెండు నిమిషాల్లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది.

"మన దేశంలో, మా ఊళ్ళో నాకో ఇల్లుందండీ. అద్దెకిచ్చాను. దాని పన్ను అక్కడే కట్టేస్తున్నాను. మళ్ళీ ఇక్కడ చెప్పాలని మా ఆఫీసులో ఎవరో అన్నారు. అబద్ధమే కదా?"

"ఎన్నేళ్ళయింది ఈ దేశం వచ్చి?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళుగా చెప్పలేదా? ఆదాయం అనే మాటలోనే 'దాయం' ఉంది గానీ, నిజంగా దాయమని కాదండీ దానర్థం! ఇక్కడ కాపురం ఉంటే ఎక్కడి అద్దె అయినా ఇక్కడ చెప్పాలి."

"అంటే ఒకే ఇంటికి రెండుసార్లు కట్టాలా?"

"కట్టక్కర్లేదు. అక్కడ కట్టింది ఇక్కడ తగ్గిస్తారు. కట్టడం వేరు, చెప్పడం వేరు. పాత ఏళ్ళవి కూడా మనంతట మనమే సరిదిద్దుకుంటే తలనొప్పి తక్కువ. ఇల్లెంత?"

"పై వాటా. నాలుగు గదులు. మూడు అద్దెకిచ్చాను."

"నాలుగోది?"

"తాళం."

"ఎందుకు?"

ఆయన గొడుగు మడత సరిచేసుకున్నాడు. "గోడ బాగాలేదు."

"గోడ బాగోకపోతే బాగుచేయిస్తారు గానీ తాళం వేస్తారా? జలుబు చేసిందని ముక్కుకి తాళం వేసుకున్నట్టుంది! మూడు గదులే అద్దెకిస్తే రిపేర్ల ఖర్చులో నాలుగింట మూడు వంతులే ఒప్పుకుంటారు. అద్దె పోయె, ఖర్చూ పోయె. సున్నం కొట్టించి ఇచ్చెయ్యండి."

"అద్దెకున్నాయన కూడా అదే అంటున్నాడు. వాళ్ళ పాప చదువుకోడానికట." ఫైలు సర్దుకున్నాడు. "సరేలెండి. చాలా ఏళ్ళే ఆగాను. ఈ శనివారం వేయించేస్తాను."

"గుడ్. అద్దె కాయితాలు పంపండి, శనివారమే వచ్చి సంతకం పెట్టండి."

బూట్లు కిర్రుమనిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు మాత్రం వెంటనే వెళ్ళలేదు, చెవిలో కూర్చుంది.

*

మర్నాడు కాయితాలు వచ్చాయి. అద్దెకున్నాయన ఎవరో మహా జాగ్రత్తపరుడు. తనకన్నా ముందే పాడైనవన్నీ వరసగా రాయించుకున్నాడు. మూడో మెట్టు పగిలి ఉన్నది. పిట్టగోడ మూల పెచ్చు ఊడి ఉన్నది. తాళం వేసిన గది వీధి కిటికీకి మూడో చువ్వ వంగి ఉన్నది, అందుకు అద్దెదారు బాధ్యుడు కాడు.

"బాధ్యురాల్ని నేను," అంది ఆమె, పైకే.

పక్క కుర్చీలోని పెద్దమేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏమిటమ్మా?"

"ఏంలేదు మేడం."

వీధి పేరు చూసింది. తలుపు నంబరు చూసింది. ఆ తర్వాత ఇంకేమీ చూడలేదు, ఎదురుగా గోడ తప్ప.

ఆ చువ్వ వంచింది ఇద్దరు. ఆమె అప్పట్లో అక్కడ అద్దెకున్నవాళ్ళ అమ్మాయి, వాడు ఇంటివాళ్ళబ్బాయి. ఆమెకి పన్నెండు, వాడికి పద్నాలుగు. తల బయటికి పెట్టి ఐసుబండి ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని ఆమె పట్టుపట్టింది. చువ్వ వంగింది, తల పట్టింది, తిరిగి రాలేదు. వాడు సబ్బునీళ్ళు తెచ్చేలోగా బండి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అసలు పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడూ పిట్టగోడ మీదే కూర్చుంటుందని ఆమె పిట్ట. చెప్పులు అరుస్తాయని వాడు కిర్రు. ఫైలు మీదున్న గూడ్సుబండంత పేరు వాడిదని ఆమెకేం తెలుసు?

సాయంత్రం వాన మొదలైతే ఇద్దరూ మేడ మీదికి పరుగు. ఆరేసిన బట్టలు తియ్యమని పంపితే బట్టలతో పాటు తడిసి కిందికొచ్చేవాళ్ళు. ఇద్దరమ్మలూ కలిసి తిట్టేవాళ్ళు, ఎవరి పిల్లల్ని ఎవరు తిడుతున్నారో కూడా చూసుకోకుండా.

లెక్కలంటే మాత్రం ఆమెకి గుండెదడ. పంతొమ్మిదో ఎక్కంలో ఏడో వరస, 'పంతొమ్మిదేళ్ళు', దాటడానికి ఏళ్ళు కాదు, యుగాలు పట్టేవి. చివరికి కళ్ళెదురుగా ఉండాలని బొగ్గుతో ఆ కిటికీ గది గోడ మీదే రాసుకుంది. కిర్రు వచ్చి చూసి నేల మీద పడి నవ్వాడు.

"పంతొమ్మిదేళ్ళు నూట నలభై మూడా! ఉండు, చెరిపి నూట ముప్ఫై మూడు చేస్తా."

"ముట్టుకోకు! నేనే దిద్దుతా, నాకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. ఈలోగా ఎవరైనా ముట్టుకుంటే మాటల్లేవ్, జన్మజన్మల కచ్చి!"

బుద్ధి పుట్టేలోగా నాన్నకి బదిలీ పుట్టింది. వారంలో సామాను కట్టేశారు. వాన్లో లారీ కదిలేప్పటికి వాడు పరీక్ష రాస్తున్నాడు. కావాలంటే ముందురోజే ఆమె వెళ్ళొస్తానని చెప్పి ఉండొచ్చు. ఎక్కం చూసి నవ్వాడని కచ్చి, అందుకే చెప్పలేదు.

పదహారేళ్ళయింది.

లెక్కలంటే పారిపోయిన పిల్ల లెక్కలమ్ముకుని బతుకుతోంది. ఆ గది తాళం తియ్యమని, ఆ గోడకి సున్నం కొట్టమని సలహా ఇచ్చింది కూడా సాక్షాత్తూ తనే!

ఫోన్ తీసింది. నంబరు నొక్కింది. చెరిపేసింది. ఏమని చెప్తుంది? గోడ బాగాలేదు అన్నాడు కదా. చెమ్మే పట్టిందేమో, బొగ్గు గీతలు వాడికి గుర్తే లేవేమో. పదహారేళ్ళ తర్వాత ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి "నేను పిట్టని" అంటే, "పంజరం ఎక్కడ?" అంటాడు.

*

శనివారం పొద్దున్నే కిర్రు కిర్రుమని వచ్చాడు. వాన లేదు, అయినా బూట్లు అరుస్తూనే ఉన్నాయి.

"సంతకం ఎక్కడండీ?"

"దానికి ముందు..." గొంతు సవరించుకుంది. "ఆ నాలుగో గది గోడ ఫొటో కావాలి. సున్నం వెయ్యకముందుది. ఫారానికి."

"గోడ ఫొటోనా? ఏ ఫారానికి?"

"ఉంది లెండి, ఒక ఫారం."

పెద్దమేడం తలెత్తింది. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, అలాంటి ఫారం నాకు కనపడలేదేమిటమ్మా?"

"కొత్తది మేడం."

"ఎంత కొత్తది?"

"నిన్నటిది."

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అంతలో ఆయన ఫోనే మోగింది. వీడియో కాల్. తెరమీద అద్దెకున్నాయన, వెనక నిచ్చెన మీద రంగులు వేసేవాడు.

"అదృష్టం చూడండి, ఫొటో ఏం ఖర్మ, గోడే వచ్చింది," అని ఫోను ఆమె వైపు తిప్పాడు.

"సార్, రంగు కలిపేశాం," అన్నాడు అద్దెకున్నాయన. "ఎవరో బొగ్గుతో ఏదో ఎక్కం రాశారు, అదీ తప్పే. మొదలెట్టమంటారా?"

బొగ్గు గీతలు అలాగే ఉన్నాయి. ఒక్క అంకె కూడా చెరగలేదు. ఏడో వరసలో నూట నలభై మూడు, నాలుగు కాస్త వంకరగా.

ఆయన తెర మీదికి వంగాడు. "ఒక్కసారి... దగ్గరగా చూపించు," అన్నాడు.

"చూపించా కదా సార్. ఈ గదికి ఎవరో వస్తారంటూ ఎన్నాళ్ళు ఆపుతారు? మా పాపకి పరీక్షలు. ఏమోయ్, కానియ్!"

తెరమీద కుంచె పైకి లేచింది.

"ఆగవయ్యా!" ఆమె లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఆ ఏడో వరస మీద చెయ్యి పడిందంటే జన్మజన్మల కచ్చి!"

అక్కడ కుంచె ఆగింది. ఇక్కడ ఊపిరి ఆగింది.

ఆయన నెమ్మదిగా తల తిప్పాడు. ఆమె కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది, అది అడ్డమైనట్టు.

"పిట్టా?"

"ఊఁ."

"దిద్దడానికి రాలేదేం?"

"బుద్ధి పుట్టలేదు, కిర్రూ."

"పదహారేళ్ళా!"

"నేనేమన్నా వస్తానని చెప్పి వెళ్ళానా? నువ్వు తలుపెందుకు వేసుకు కూర్చున్నావ్?"

"ముట్టుకుంటే కచ్చి అన్నావుగా. అద్దెకొచ్చిన ప్రతివాడూ ముందు ఆ గోడకే సున్నం కొడతానన్నాడు. అమ్మ తిట్టింది, అక్క తిట్టింది. అన్ని తిట్లూ తిని, చివరికి ఎవరో పన్నుల మేడం గదమాయిస్తే ఒప్పేసుకున్నాను చూడు!"

"ఆ మేడం తెలివితక్కువది."

"మరి మొన్ననే చెప్పొచ్చుగా?"

"నీకు గుర్తుందో లేదో అని." కళ్ళజోడు తుడిచింది. "గోడ బాగాలేదు అన్నావు."

"బాగాలేదు మరి. నువ్వు వెళ్ళాక ఆ ఇంట్లో ఏ గోడ బాగుందని?"

పెద్దమేడం ఫైలు ఒకటి తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు తలకిందులుగా ఉంది.

"సార్," ఫోనులోంచి దిక్కులేని గొంతు వినిపించింది. "కలిపిన రంగు ఎండిపోతోంది. ఏం చెయ్యమంటారు?"

"మిగిలిన మూడు గోడలకీ వెయ్యండి," అంది ఆమె, పన్నుల మేడం గొంతు తిరిగి తెచ్చుకుని. "గది పాపకిచ్చెయ్యండి. ఈ గోడ మాత్రం ముట్టుకోవద్దు." తర్వాత ఇటు తిరిగింది. "ఇంక నాలుగు గదుల అద్దె. వచ్చే ఏడాది పూర్తిగా చూపించాలి తెలుసా?"

"వచ్చే ఏడాది కూడా ఫైలు నువ్వే చూస్తావా?"

"అన్ని ఏళ్ళూ చూడాలంటే..." ఆమె బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "క్లయింటు దగ్గర అంతంత ఫీజు ఉండాలిగా."

"లేదు. మనిషిని ఉన్నాను. సరిపోతుందా?"

"లెక్క చూసి చెప్తాను," అంది ఆమె, ఇంకే లెక్కా చూడకుండానే నవ్వేస్తూ.

*

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న అద్దెకున్నాయన మళ్ళీ ఫోన్ చేశాడు. కంఠం రంపంలా ఉంది.

"సార్, మా పాప నిన్న క్లాసులో పంతొమ్మిదో ఎక్కం చెప్పింది. ఏడు దగ్గర నూట నలభై మూడు అందిట. టీచరు కాదన్నా వినలేదు, మా ఇంటి గోడ మీదుంది అందిట. గంటసేపు నిలబెట్టారు! ఇప్పుడైనా చెరపమంటారా, మానమంటారా?"

కిర్రు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఎదురుగా టీ కప్పుతో పిట్ట.

"బుద్ధి పుట్టిందా?"

ఆమె కప్పు కింద పెట్టింది. "పాపని ఇంకో పది రోజులు ఓపిక పట్టమను. టికెట్లు రెండు చూడు. అమ్మలిద్దరికీ చెప్పు, ఈసారి ఎవరి పిల్లల్ని వాళ్ళే చూసుకుని తిట్టుకోవచ్చు."

"అంకె దిద్దడానికి ఇద్దరెందుకు?"

"బొగ్గు పట్టుకోడానికి నేను, నవ్వడానికి నువ్వు," అంది పిట్ట.