బురదలో దిగిన పసుపు రెక్క

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా ఆయన పారామోటార్ మీద, అంటే గుడ్డ రెక్క కింద వీపుకు మోటారు తగిలించుకుని, గాలిలో ఉండగా ఇంజన్ ఆగిపోయి మళ్లీ అందుకోకపోవడం. మా స్నేహితురాలు సోలెన్ భర్తకు అదే జరిగింది.

చంకలో పాపతో ఆమె డిటెక్టివ్ ఒడీల్ కెనెల్ గది తలుపు తోసుకుని వచ్చింది. సహాయకుడు బాస్తియాన్ కుర్చీ లాగినా కూర్చోలేదు.

"మా ఆయన టిటువాన్ పసుపు రెక్క పారామోటార్‌తో అఖాతం బురదలో పడ్డాడు మేడమ్. ఇంకా తెలివి రాలేదు. ఎగరడం నేర్పే స్కూలు ఓనర్ గ్వెన్దాల్ మాత్రం ఊరంతా తిరిగి చెబుతున్నాడు. భయంతో బిగుసుకుపోయి బటన్ నొక్కడం మర్చిపోయాడట! నోరు లేనివాడి మీద ఏమైనా అనొచ్చా?"

"ఇంజన్ ఆపింది టిటువానేనా?"

"ఆయనే. చప్పుడు లేకుండా తేలడానికి అందరూ ఆపుతారు. బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది కదా. ఆ పని నేర్పిందే గ్వెన్దాల్!"

"ఎగిరే ముందు ఎవరు స్టార్ట్ చేశారు?"

"గ్వెన్దాలే వెనక నిలబడి ఇంజన్ తాడు లాగాడు. పాత అలవాటంటూ నవ్వాడు కూడా."

ఆసుపత్రిలో ఒడీల్ టిటువాన్ కుడిచేతిని తిప్పి చూసింది. వేళ్ల కణుపుల మీద తోలు వరసగా లేచిపోయి ఉంది.

"పడ్డప్పుడు గీరుకుని ఉంటాయి" అన్నాడు బాస్తియాన్.

"అంత మెత్తటి బురదలోనా?"

షెడ్డులో మోటారు వేలాడుతోంది. చట్రం, సీటు, పెట్రోలు ట్యాంకు, అన్నిటి మీదా బూడిదరంగు బురద ఎండి పెచ్చులు కట్టింది. గ్వెన్దాల్ బటన్ నొక్కాడు. స్టార్టర్ గిర్రున తిరిగింది.

"చూశారా? బటన్ బాగానే ఉంది. మనిషికే గుండె లేదు."

ఒడీల్ బ్యాటరీ మీద వేలితో రుద్దింది. దానికి పచ్చ టేపు చుట్టి ఉంది. వేలికి ఏమీ అంటలేదు.

సాయంత్రం అందరినీ అక్కడికే పిలిచింది. మెకానిక్ సెర్వాన్ కూడా వచ్చింది. బాస్తియాన్‌ను ఒడీల్ అలాంటిదే మరో మోటారు సీటులో కూర్చోబెట్టి పట్టీలు బిగించింది.

"తాడు లాగు."

బాస్తియాన్ చేయి వెనక్కి విరుచుకున్నాడు. వేళ్లు చట్రానికి గీరుకున్నాయి గానీ పిడి అందలేదు.

"నిలబడి వెనకనుంచి ఎవరైనా లాగగలరు. గాలిలో కూర్చున్నవాడికి అందదు. టిటువాన్ తోలు ఊడేదాకా దీనికోసమే వెతికాడు. బటన్ పనిచేస్తుంటే అలా ఎందుకు వెతుకుతాడు? అది పనిచేయలేదు. ఎందుకంటే బ్యాటరీ లేదు. మొత్తం మోటారుకు అంటిన బురద దీనికి అంటలేదంటే, పడ్డాక పెట్టారు. లేదని తెలుసు కాబట్టే గ్వెన్దాల్ తాడు లాగాడు."

"నా బ్యాటరీ చచ్చింది, ప్రదర్శన ఉంది" గొణిగాడు గ్వెన్దాల్. "ఒక్క పూటకని ఇతనిది తీసుకున్నా. అదీ ఖాళీ అయిపోయింది. ఇంజన్ ఆపుతాడని నాకేం తెలుసు?"

"నేర్పింది నువ్వే కదరా!" సోలెన్ గొంతుకు పాప ఉలిక్కిపడింది. "ఆయన బురదలో కూరుకుపోతుంటే నువ్వు పరిగెత్తింది ఆయన దగ్గరికి కాదు, బ్యాటరీ దగ్గరికి!"

సెర్వాన్ పచ్చ టేపు చూసి తెల్లబోయింది.

"ఓనర్ గారూ, ఇది ఆజెనోర్‌ది! టేపు చుట్టింది నేనే. ఆమె రిపేరుకిచ్చిన మోటారు నుంచి తీశారా? ఆ పిల్ల నిన్ననే మోటారు తీసుకెళ్లింది!"

గ్వెన్దాల్ తలూపాడు. పోలీసులు తీసుకెళ్లేటప్పుడు కూడా టిటువాన్ ఎలా ఉన్నాడని అడగలేదు.

టిటువాన్ పిరికివాడు కాదని ఇప్పుడు ఊరికి తెలిసింది. కానీ బ్యాటరీ లేని మోటారుతో వెళ్లిన ఆజెనోర్ ఫోను ఎత్తడం లేదు. తీరం వెంబడి ఎక్కడో గుడారం వేసుకుని ఉంటుంది. ఆమెది ఆకుపచ్చ రెక్క, ఎర్ర హెల్మెట్. అటువైపు మీ ఇల్లు ఉంటే, దయచేసి ఇప్పుడే వెళ్లి ఆ పిల్ల నేలమీదే ఉందో లేదో చూడండి.