తలూరా తొలి నోటు

“ఈ ఒక్క నోటు దారి తప్పిందంటే, ఒక దేశం మొత్తం మళ్ళీ వీధిన పడుతుంది.”

వెల్లింగ్టన్‌లోని గూఢచారి ఆఫీసు కిటికీని గాలి బాదేస్తోంది. చీఫ్ జనార్ధనరావు మెరిసే ప్లాస్టిక్ నోటొకటి బల్ల మీద పెట్టాడు. తలూరా అనే ద్వీపదేశంలో రొట్టె కొనాలంటే సంచెడు నోట్లు మొయ్యాలి. అందుకే అక్కడి ప్రభుత్వం సున్నాలు కొట్టేసి కొత్త డబ్బు తెస్తోంది. ఆ రోజుకి గుర్తుగా వేసిన స్మారక నోటిది. దీన్ని చూపించే అక్కడి బ్యాంకు మెషీన్లకి అసలేదో నేర్పుతారు.

“దీని బదులు ‘రేవెన్’ ముఠా నకిలీ చేరిందా, వాళ్ళు అచ్చేసిందే అసలవుతుంది.”

అంటూనే డబ్బీ తీసి, నోటు అంచున ఖాళీ చోట పసుపు బొట్టు పెట్టాడు. ఆఫీసుకి కొత్త ప్రింటరొచ్చినా ఆయనకదే అలవాటు.

ఏజెంట్ కావ్యశ్రీ పకపకా నవ్వింది. ఎర్ర కోటు, ముత్యాల లోలాకులు. ఆమె నవ్విందంటే మీటింగులో సగంమంది ఫైళ్ళు మర్చిపోతారు.

“ప్లాస్టిక్ మీద పసుపేం నిలుస్తుంది సార్? వేలితో తుడిస్తే పోతుంది.”

“ఉన్నంతసేపు ఉంటుందిలేమ్మా.”

మర్నాడు కావ్యశ్రీ తెచ్చే నోటుని సరిచూసి తలూరా వాళ్ళకి అప్పగించాల్సిన ఏజెంట్ గిరిజ, ఆ బొట్టు వంకే చూసింది. 

మర్నాడు పాపటోయిటోయి అనే శివారులో, ఎయిర్‌పోర్టు దగ్గర చిన్న డెయిరీ, అంటే పాలూ రొట్టే అమ్మే వీధికొట్టు. కౌంటర్ వెనక నెరిసిన విగ్గుతో, లావు కళ్ళద్దాలతో గిరిజ.

కావ్యశ్రీ లోపలికొచ్చింది. “నీలం మూత పాలున్నాయా ఆంటీ?”

“ఆకుపచ్చ మూతవే మిగిలాయమ్మా.”

కోడ్ కలిసింది. కవరు కౌంటర్ మీదికి జారింది. బయట కారులో, నోటు తీసుకెళ్ళాల్సిన తలూరా బ్యాంకు అధికారి హారన్ కొడుతున్నాడు. ఫ్లైటుకి టైమైపోతోంది.

గిరిజ నోటు బయటికి తీసింది. తళతళలాడుతోంది. ఎక్కడా మరకన్నది లేదు.

“బొట్టేదే?”

“దారిలో తుడుచుకుపోయినట్టుంది గిరిజక్కా. నిన్ననే చెప్పాగా!”

 గిరిజ దొంగనోట్లు పట్టే ఊదా లైటు స్విచ్ నొక్కింది. ఆ వెలుగులో పసుపంటిన చోటల్లా మెరుస్తుంది. కౌంటర్ మీదున్న కావ్యశ్రీ బొటనవేలు పచ్చగా మెరిసింది. చేతిలోని ఫోను కవరు అంచూ మెరిసింది.

కావ్యశ్రీ నవ్వుతూనే లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సూది ఉంది.

సూది మెడ దాకా వచ్చేలోపు గిరిజ విసిరిన పాలసీసా ఆమె మణికట్టు మీద పడింది. ఫోను ఎగిరిపడింది. దాని కవరు చీలి, పసుపు మరకతో అసలు నోటు బయటపడింది. గిరిజ దాన్ని అందుకుని, తలుపు బయటినుంచి లాక్ చేసి పరిగెత్తింది. అప్పటికే కదిలిన కారు కిటికీలోంచి నోటుని లోపలికి తోసేసింది.

పోలీసు వ్యాన్ ఎక్కుతూ కావ్యశ్రీ పళ్ళు నూరింది. “ఎలా కనిపెట్టావ్?”

గిరిజ విగ్గు తీసి, చెమట తుడుచుకుంది.

“జైల్లో వంటగది డ్యూటీ అడుగు కావ్యా. ప్లాస్టిక్ పోపులపెట్టె ఒక్కసారి కడిగితే నీకే తెలుస్తుంది.”